గోడ కింద పందికొక్కు

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే చెప్పుల్లేకుండా గడ్డి మీద నాలుగు అడుగులు వేస్తే ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అందుకే 2021లో రాజమండ్రిలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు, ముందున్న కాస్త జాగాలో కారు షెడ్డు వేద్దామని మావారు అన్నా నేను ఒప్పుకోలేదు. లాన్ వేయించాను. పక్కనే కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి. మెక్సికన్ గడ్డిని చాపల్లా చుట్టి ఆటోలో తెచ్చి పరిచి వెళ్ళారు. నెల తిరిగేసరికి పచ్చటి తివాచీ పరిచినట్టయింది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆ గర్వం ఏడాది కూడా నిలవలేదు. 2022 వానాకాలంలో ఒకరోజు తెల్లారి లేచి చూస్తే లాన్ మధ్యలో మట్టికుప్ప! ఎవరో గునపం పెట్టి తవ్వినట్టు పక్కనే కన్నం. మట్టి లోపలికి తోసేసి కాలితో తొక్కాను. మర్నాడు రెండు కుప్పలు. వారం తిరిగేసరికి తివాచీ కాస్తా చిల్లుల దుప్పటి అయింది. ఇది పందికొక్కు పనేనని పనిమనిషి చూడగానే చెప్పింది. "అదెంత, చూద్దాంలే" అనుకున్నాను.

అంతలోనే అత్తయ్యగారు పడ్డారు. పైకి గడ్డి బాగానే కనబడుతోంది, కింద మాత్రం డొల్ల. ఆవిడ అడుగు వేయగానే పాదం దిగబడింది. చెయ్యి ఆన్చబోయి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పొద్దున్నే వరండాలో కుర్చీలో కూర్చుని ఆ గడ్డి కేసి చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టుండేది. ఆ పందికొక్కు అంతు చూడాల్సిందేనని ఆ రోజే అనుకున్నాను.

తలా ఒక చిట్కా

అడిగితే చాలు, అందరి దగ్గరా చిట్కాలే. కారప్పొడి చల్లమన్నారు. చల్లిన రాత్రే వాన పడి కొట్టుకుపోయింది. కన్నాల్లో కలరా ఉండలు వేయమన్నారు. వేస్తే, వాటిని మట్టితో సహా బయటికి నెట్టేసి పక్కన ఇంకో కన్నం తవ్వింది. పైగా ఆ ఉండలు పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది. ఇంకొకరు గాజుపెంకులు కుక్కమన్నారు. చెప్పుల్లేకుండా నడిచే ముసలావిడ ఉన్న ఇంట్లో గాజుపెంకులా! ఆ పని మాత్రం చేయలేదు. చెవికి వినబడని చప్పుడు చేసి ఎలుకల్ని తరుముతుందంటూ మావారు ఒక మిషను కొనుక్కొచ్చారు. దాని పక్కనే మర్నాడు మట్టికుప్ప కనబడేసరికి ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇంక మిగిలింది మందు. బజారుకెళ్ళి ఎలుకల మందు అడిగితే నల్లటి పొడి పొట్లం చేతిలో పెట్టారు. జింక్ ఫాస్ఫైడ్. మూత తీస్తే వెల్లుల్లి వాసన లాంటిది గుప్పుమంది. ఉత్త అన్నంలో కలిపితే తింటుందో తినదోనని నా తెలివితేటలు కొద్దీ ఎండురొయ్యల పొడి కూడా కలిపి, ముద్దలు చేసి రాత్రి గోడవారగా పెట్టాను.

తెల్లారి చూస్తే మూడు ముద్దలు పోయాయి. పందికొక్కు చచ్చిన జాడ లేదు. మధ్యాహ్నం పక్కింటి వదినగారి గొంతు వినబడింది. వాళ్ళ పిల్లి మెట్ల కింద చచ్చిపడి ఉంది. ఈని మూడు వారాలైనా కాలేదు. అట్టపెట్టెలో మూడు పిల్లలు అరుస్తున్నాయి.

ఎండురొయ్యల వాసనకి మొదట వచ్చేది ఎవరో నాకు తట్టనే లేదు!

చెప్పలేకపోయిన నాలుగు రోజులు

వదినగారు "ఏం తిందో ఏమో తల్లీ" అని కళ్ళు తుడుచుకుంటుంటే పక్కన నిలబడ్డాను. నా నోట మాట రాలేదు. మిగిలిన ముద్దల్ని అప్పటికే ఏరి, కవర్లో కట్టి, లోతుగా పాతిపెట్టేశాను. నాలుగు రోజులు ఆవిడ ఎదురుపడితే తల తిప్పుకున్నాను. అయిదో రోజు ఉండబట్టలేక వెళ్ళి చెప్పేశాను.

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా ఒక్క మాట అన్నారు. "పిల్లితో పోయింది. మా మనవడు రోజూ ఆ గోడ దగ్గరే కదా ఆడతాడు."

నాలుగేళ్ళ పిల్లాడు. బంతి పడితే మా గేటు తోసుకుని వచ్చేస్తాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత ఈ మందుల సంగతి కూర్చుని తెలుసుకున్నాను. ముందే తెలుసుకోవాల్సింది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళ్ళగానే అక్కడి ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు అవుతుంది. దానికి విరుగుడు మందు లేదు. ధాన్యం నిల్వల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మరీ ప్రమాదం. తడి తగిలితే చాలు అదే వాయువు వస్తుంది. గది తలుపులు మూసి ఉంటే నిద్రలోనే ప్రాణాలు పోతాయి. వాటిని నిపుణులు తప్ప మామూలు జనం ఇళ్ళలో వాడనే కూడదు. పసుపు భాస్వరం కలిసిన ఎలుకల పేస్టు మరో రకం. అది తిన్నవాళ్ళు మొదటి రోజు బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. రెండు మూడు రోజులు పోయాక కాలేయం దెబ్బతింటుంది. దానికీ విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్ బిళ్ళలకు విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది కానీ, అవి తిన్న ఎలుకని పట్టి తిన్న గుడ్లగూబకీ పిల్లికీ ముప్పే. పొరపాటున పిల్లలెవరైనా ఇలాంటివి మింగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా, మందు పొట్లం చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంతా చేసి మందు వల్ల దక్కేది కూడా అంతంతమాత్రమే. పందికొక్కు అనుమానపు జంతువు. కొత్త తిండి కనబడితే కాస్త కొరికి చూస్తుంది. ఒంట్లో తేడా చేసి బతికి బయటపడితే మళ్ళీ దాని మొహం చూడదు.

కాపరం ఒకచోట, భోజనం ఒకచోట

మండపేట దగ్గర వ్యవసాయం చేస్తున్న మా తమ్ముడు ఫోనులో నా గోడు విని, "అక్కా, మందులు మానెయ్. మా చేలో ఎలుకలు పట్టే పెద్దాయన్ని పంపిస్తాను" అన్నాడు. వరిచేలల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టడం మా గోదావరి వైపు ఎప్పటినుంచో ఉన్నదే. ఆయనకి అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. రాగానే లాన్ చూడలేదు. ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"అమ్మగారూ, ఇది మీ గడ్డిలో కాపరం ఉండట్లేదండి. కాపరం ఆ గోడ కింద. బోయినానికి మీ ఇంటికి వత్తంది."

ఆ సాయంత్రం మాచేత కన్నాలన్నీ మట్టితో మూయించాడు. మొత్తం పదకొండు. తెల్లారేసరికి మూడే తెరుచుకున్నాయి. "ఈ మూడే బతికున్న కన్నాలండి. మిగతాయి పాతయ్యి" అన్నాడు. ఎంత తేలిక ఉపాయం! నేను మాత్రం పదకొండు కన్నాల వెంటా పరిగెట్టాను.

భోజనం సంగతి అడిగితే ఒక్కొక్కటే చూపించాడు. గులాబీలకి నేను వేసే వేరుశనగ చెక్క, ఎముకల పొడి. మూత సరిగ్గా పడని చెత్తబకెట్. పిచ్చుకల కోసం అత్తయ్యగారు వరండాలో కట్టిన వరి కంకుల కుచ్చు. పిచ్చుకలు తినేవి తినగా కింద రాలిన గింజలు రాత్రంతా అక్కడే ఉండేవి. గడ్డి ఏపుగా ఉండాలని నేను రోజూ సాయంత్రం పెట్టే నీళ్ళు. రాత్రి నేల మెత్తగా ఉంటే తవ్వడం సులువు. తడికి వానపాములు కూడా పైకొస్తాయి. అదంతా దానికి విందే. అంటే పందికొక్కుని ఇన్నాళ్ళూ విస్తరి వేసి పిలిచింది నేనే.

ఇక కాపరం ఉన్న గోడ. దానికి అవతలి వైపు వదినగారి దొడ్లో ఇటుకలు, కొబ్బరి మట్టలు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సెంట్రింగు చెక్కలు గుట్టగా పడి ఉన్నాయి. గూడు ఆ గుట్ట కిందే. అది తీయకపోతే ఇవతల నేను ఎన్ని చేసినా దండగే. తీయాలంటే ఎవరి పిల్లిని చంపానో ఆవిడనే వెళ్ళి అడగాలి.

వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక ముందు పిల్లిపిల్లల గురించి అడిగాను. మూడింట్లో ఒకటి దక్కలేదట. మిగతా రెండింటికీ దూదితో పాలు పడుతున్నారు. ఒకదాన్ని నేను పెంచుతానన్నాను. గుట్ట సంగతి చెబితే ఆవిడ, "మా గోడ కూడా ఓ పక్కకి ఒరుగుతోంది, ఎందుకా అనుకుంటున్నాం" అన్నారు. పునాది కింద మట్టి తోడేస్తే ఒరగదా మరి! ఆదివారం రెండిళ్ళవాళ్ళం కలిసి ఆ గుట్ట తీసేశాం.

ఆ పేరు మనదే

పందికొక్కు అంటే పంది లాంటి కొక్కు, పెద్ద ఎలుక. పెద్ద రకం కిలో దాకా, అంతకు మించి కూడా తూగుతుంది. కోపం వస్తే పందిలా గుర్రుమంటుంది. ఇంగ్లీషువాళ్ళు 'బాండికూట్' అనే మాటని మన తెలుగు పందికొక్కు నుంచే తీసుకున్నారు. ఆస్ట్రేలియాలో కంగారూలా సంచిలో పిల్లల్ని మోసే ఒక చిన్న జంతువుకి కూడా ఆ పేరే తగిలించారు. మన పందికొక్కుకీ దానికీ చుట్టరికం లేనే లేదు! పెద్ద రకం ఇళ్ళ గోడల కింద, మురుక్కాలవల పక్కన ఉంటుంది. చిన్న రకం ఎక్కువగా పొలాల్లో ఉంటూ కన్నంలో ధాన్యం దాచుకుంటుంది, ఊళ్ళలోకీ వస్తుంది. ఒక్కో ఈతలో అరడజను, అంతకు మించి కూడా పిల్లల్ని పెడుతుంది. అంచేత ఒక్కదాన్ని చంపినా, తిండీ చోటూ ఉన్నంతకాలం ఇంకోటి వస్తూనే ఉంటుంది.

మేం చేసిన పని

పెద్దాయన బోనులు తెచ్చి గోడవారగా పెట్టాడు. పందికొక్కు నేల మధ్యలోంచి కాకుండా గోడనానుకునే తిరుగుతుంది. మొదటి మూడు రాత్రులు తలుపు బిగించకుండా ఎండుకొబ్బరి ముక్క మాత్రం వేసి ఉంచాడు. బోనుకి అలవాటు పడ్డాక నాలుగో రాత్రి బిగించాడు. వారంలో అయిదు పడ్డాయి. వాటిని ఆయనే తీసుకెళ్ళాడు.

తర్వాత మేస్త్రీని పిలిచి గోడ వెంట రెండడుగుల లోతు కాలువ తవ్వించాం. అరంగుళం కన్నాలున్న జి.ఐ. మెష్‌ని నిలువుగా దించి, అడుగున ఒక అడుగు మేర బయటివైపుకి మడిచి, మట్టి కప్పేశాం. పందికొక్కు గోడవారగా లోతుకి తవ్వుకుంటూ వచ్చి మడత మీద ఆగిపోతుంది. మడత అవతలి నుంచి తవ్వాలన్న ఆలోచన దానికి రాదట. ఆ మడత పరచాల్సింది వదినగారి స్థలంలో. ఆవిడ ఒప్పుకోబట్టే పని జరిగింది. పాడైన చోట గడ్డి చాప లేపి, కింద కూడా మెష్ పరిచి, మట్టి పోసి మళ్ళీ గడ్డి వేశాం. వేళ్ళు కన్నాల్లోంచి దిగిపోయాయి. ఇంట్లో నీళ్ళు బయటికి పోయే తూములకి జాలీలు బిగించాం.

పాత కన్నాలన్నీ గట్టిగా పూడ్పించాం. వదిలేస్తే ఆ చల్లదనానికీ ఎలుకల కోసమూ పాములు చేరతాయి. ఆ పని చేసేటప్పుడు కాళ్ళకి బూట్లు, చేతులకి రబ్బరు తొడుగులు ఉండి తీరాలి. ఎలుకల మూత్రం కలిసిన తడిమట్టి గాయాలకి తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. కన్నంలో చెయ్యి పెట్టడం అనేది ఎప్పుడూ చేయకూడదు.

పిచ్చుకల కుచ్చు తీయలేదు. తీస్తే అత్తయ్యగారు ఊరుకుంటారా! దాని కింద పళ్ళెం పెట్టి, పొద్దు గుంకేలోగా గింజలు ఎత్తేస్తున్నాం. వేరుశనగ చెక్క మానేసి వేపపిండి వేస్తున్నాను. ఆముదం పిండి మాత్రం వేయకండి. రుచికి ఆశపడి తిన్న కుక్కలు చచ్చిపోతాయి. గడ్డికి నీళ్ళు పొద్దున్నే పెడుతున్నాను.

మీ ఇంట్లో తవ్వేది ఏది?

అన్ని ఊళ్ళలోనూ పందికొక్కే కాకపోవచ్చు. తవ్విన తీరు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

గోడవారగా కన్నం, పక్కన తాజా మట్టికుప్ప ఉంటే పందికొక్కు.

లోతు లేని చిన్న చిన్న గుంటలు, కుప్ప లేకుండా ఉంటే ముంగిస కానీ పిట్టలు కానీ. గడ్డి వేళ్ళు కొరికే వేరుపురుగుల కోసం తవ్వుతాయి. పట్టుకుని లాగితే గడ్డి చాపలా లేచొచ్చేస్తే కింద తెల్లటి వేరుపురుగు ఉన్నట్టే. ఆ పురుగు పోతే గుంటలూ పోతాయి. తొలకరి వానలకి వేపచెట్టు మీద చేరే పెంకుపురుగుల్ని రాత్రిపూట కొమ్మలు దులిపి ఏరేస్తే వేరుపురుగు చాలా తగ్గుతుంది. ముంగిసని తరమకండి. ఎలుకల్ని పట్టేదే అది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని చంపడం నేరం. ఎలుకల్ని తినే జెర్రిపోతుకీ ఆ చట్టం రక్షణ ఉంది.

నాగలితో దున్నినట్టు పచ్చిక బారుగా లేచిపోతే పందులు. ఊరపందులైతే మునిసిపాలిటీకి చెప్పాలి. అడవి పక్క ఊళ్ళలో అడవిపందులైతే అటవీశాఖకి చెప్పాలి. కంచెకి కరెంటు మాత్రం పెట్టకండి. చట్టరీత్యా నేరం. అంతకు మించి, ఆ తీగకి మనుషుల ప్రాణాలు కూడా పోతున్నాయి.

దుంపమొక్కలు పెళ్ళగించి, అక్కడక్కడ నలుపు తెలుపు చారల ముళ్ళు రాలి ఉంటే ముళ్ళపంది. గట్టి కంచె తప్ప దానికి వేరే మందు లేదు.

ఇప్పుడు

అత్తయ్యగారి చెయ్యి అతుక్కుంది. కొన్నాళ్ళు చేతికర్రతో, తర్వాత కర్ర లేకుండా గడ్డి మీద నడిచారు. వానాకాలంలో ఎప్పుడైనా ఒక కన్నం కనబడుతుంది. కంగారు పడను. సాయంత్రం మట్టితో మూసి, తెల్లారి చూస్తాను. తెరుచుకుంటే ఎక్కడ ఏ తిండి వదిలేశానా అని ముందు నా వంటింటి వైపే చూసుకుంటాను.

తెచ్చుకున్న పిల్లిపిల్ల పెద్దదయింది. రోజులో సగం వదినగారింట్లోనే ఉంటుంది. ఆవిడ నాతో మాట్లాడతారు, కూరా పచ్చడీ ఇచ్చిపుచ్చుకుంటాం. కానీ మనవడి బంతి మా వైపు పడినప్పుడు మాత్రం వాణ్ణి పంపరు, ఆవిడే వచ్చి తీసుకెళతారు. నేనేమీ అనుకోను. ఆవిడ స్థానంలో నేనున్నా అలాగే చేస్తాను.

పందికొక్కుకి ఇది మీ గోడ, అది మా గోడ అని ఉండదు. మనం పెట్టిన మందుకీ ఉండదు. అంచేత ఈసారి మీ ఇంటి ముందు మట్టికుప్ప కనబడితే బజారుకి కాదు, ముందు పక్కింటికి వెళ్ళండి.